అర ఎకరము - పరాయి భాష



సూళ్ళూరుపేట, తడ, సత్యవేడు ప్రాంతాల మన కుటుంబాలవారు ఈ మధ్య మమ్మల్ని ఒక ప్రశ్న తరచుగా అడుగుతున్నారు. "అయ్యగారూ, మా పిల్లకు చైనా భాష నేర్పించాలని ఉన్నది. ఎక్కడికి పంపితే మంచిది? ఎంత ఖర్చు అవుతుంది?" ఇరవై ఏళ్ళ క్రితము ఎవరైనా ఈ మాట అడిగి ఉంటే నవ్వుకొనేవారము. ఈనాడు అది నవ్వే మాట కాదు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సంస్థవారు ఫోన్ల తయారీ మొదలుపెట్టారు. అటు తరువాత తైవాన్, చైనాల నుండి యంత్రాలు, వాటిని బిగించి నడిపించే ఇంజనీర్లు మన పల్లెల పక్కకే వచ్చారు. వారి మాట మనవారికి, మనవారి మాట వారికి చెప్పగల దుబాసీలు కావలసి వచ్చింది.

ఈ ప్రశ్న ముందుగా మా బంధువుల ఇంటనే పుట్టింది గనుక, దానికి మేము వెదికిన జవాబు మీకు కూడ ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

మా అక్కగారి కుమార్తె బి.కాం. ముగించి ఇంట ఉన్నది. బావగారికి ఉన్న ఆస్తి ఎకరమున్నర మాగాణి. 2022 చివరిలో పట్నములోని ఒక ఏజెంటు వారిని కలిశాడు. షాంఘై నగరములో ఒక సంవత్సరము కోర్సు అన్నాడు. ఆరు లక్షలు కడితే చాలునట. ఆరు నెలలు తిరిగేసరికి పిల్ల గలగల మాట్లాడుతుందట. సాయంకాలాలు ఏదో ఒక పని చేసుకొని తన తిండి ఖర్చు తానే సంపాదించుకొంటుందట. బావగారు అర ఎకరము తాకట్టు పెట్టడానికి కాగితాలు సిద్ధము చేసుకొని మా ఇంటికి వచ్చారు. ఆయన మమ్మల్ని "పాస్టరుగారూ" అని సరసముగా పిలుస్తారు. "పాస్టరుగారూ, మీరు సరే అంటే సోమవారమే డబ్బు తెస్తాను" అన్నారు.

"బావగారూ, పొలము ఎక్కడికీ పోదు, షాంఘై ఎక్కడికీ పోదు. మాకు నెల రోజులు గడువు ఇవ్వండి" అన్నాము.

ఆ నెల రోజులు మేమిద్దరము, మేనకోడలు కూర్చొని వివరాలు పోగుచేశాము. చైనాలో వైద్యము చదివి వచ్చిన మనవారి పిల్లలను అడిగాము. కంపెనీలో పనిచేసే సంఘస్థుల ద్వారా తైవాన్ వారిని అడిగించాము. విశ్వవిద్యాలయాల ప్రకటనలు తెప్పించి చదివాము. ఒక రూళ్ళ నోటుబుక్కు నిండిపోయింది.

భాష ఎటువంటిది?

మనము చైనా భాష అనేదానిని వారు పుథోంగ్‌హువా అని, తైవాన్ వారు గువోయూ అని అంటారు. ఇంగ్లీషులో మాండరిన్. ఇందులో ఒకే అక్షరాన్ని నాలుగు స్వరాలలో పలుకుతారు. "మా" అని సమముగా సాగదీస్తే అమ్మ. పైకి లేపితే జనుము. క్రిందికి దించి లేపితే గుఱ్ఱము. గట్టిగా క్రిందికి విడిస్తే తిట్టడము. స్వరము తప్పితే అమ్మ గుఱ్ఱము అవుతుంది.

తెలుగు పిల్లలకు ఇందులో ఒక సౌకర్యము ఉన్నది. చైనా భాషలో ప-ఫ, త-థ, క-ఖ మధ్య ఉన్న తేడా చాలా ముఖ్యము. బీజింగ్ వారి రోమను స్పెల్లింగులో "బి" అని ఉన్నచోట నిజానికి మన "ప" వంటి ధ్వని, "పి" అని ఉన్నచోట ఒత్తు పలికే "ఫ" వంటి ధ్వని ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలను నమ్ముకొన్నవారు ఇక్కడ తడబడతారు. అక్షరమాలలో వత్తులు దిద్దిన మన పిల్లలు తెలుగులో వ్రాసుకొంటే త్వరగా పట్టుకొంటారు.

లిపి మాత్రము అందరికీ కష్టమే. అందులోను రెండు తీరులున్నాయి. చైనాలో 1956 నుండి గీతలు తగ్గించిన సరళ లిపి వచ్చింది. తైవాన్‌లో పాత లిపియే వాడుతున్నారు. గుఱ్ఱము అనే గుర్తుకు పాత లిపిలో పది గీతలు, సరళ లిపిలో మూడు. కనుక ఎక్కడ చదవాలో నిర్ణయించే ముందు, రేపు ఎవరి దగ్గర పని చేయాలని ఉన్నదో ఆలోచించుకోవాలి. ఒక లిపి బాగా వచ్చినవారు రెండవది తరువాత నేర్చుకోవచ్చును గాని, మొదటి సంవత్సరములో రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదు.

గంటల లెక్క

మా కండ్లు తెరిపించిన సంఖ్య ఒకటి ఉన్నది. అమెరికా ప్రభుత్వము తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థవారు, మాండరిన్‌లో ఉద్యోగానికి సరిపడే నేర్పు రావడానికి సుమారు 2,200 తరగతి గంటలు పడుతుందని అంచనా వేశారు. అది ఇంగ్లీషువారికి వేసిన లెక్క. మనకు కొంచెము అటూ ఇటూ అయినా, ఆరు నెలలలో గలగల అన్న మాట మాత్రము నిలువదు.

నోటుబుక్కులో ఇట్లు వేసుకొన్నాము. వారానికి 15 గంటల చొప్పున పన్నెండు వారాల కోర్సు అంటే 180 గంటలు. అటువంటివి మూడు చదివితే 540. చైనాలో సాధారణముగా వారానికి ఇరవై గంటల వరకు పాఠము చెబుతారు. పదహారు వారాల సెమిస్టరులు రెండు చదివితే 640. ఎటు చూచినా ఒక ఏడాదిలో తరగతిలో దొరికేది మొత్తములో మూడవ వంతుకంటే తక్కువ. మిగిలినది సంతలో, బస్సులో, ఇంటి యజమానురాలితో, తోటి పిల్లలతో మాట్లాడి సంపాదించుకోవాలి.

అందుకే డబ్బు తక్కువ ఉన్న కొత్తవారు ఊరి పేరు చూడకూడదని మాకు తోచింది. ఉన్న రూపాయలతో ఎక్కడ ఎక్కువ నెలలు నిలువగలరు? అక్కడ రోజుకు ఎన్ని గంటలు ఆ భాషలో మాట్లాడక తప్పదు? ఈ రెండే చూడాలి.

ఏ ఊరు ఎటువంటిది?

బీజింగ్‌లో ఉచ్చారణ మంచిది, ప్రామాణిక భాషకు మూలము అక్కడి పలుకే. 1962లో స్థాపించబడిన బీజింగ్ భాషా సంస్కృతి విశ్వవిద్యాలయము విదేశీయులకు చైనా భాష నేర్పడములో పేరుపొందినది. అయితే రాజధాని ఖర్చులు రాజధానివే. విదేశీయులు గుంపుగా ఉన్నచోట హాస్టలు వరండాలో ఇంగ్లీషే వినబడుతుంది. షాంఘై ఇంకా ఖరీదు. పైగా పాతకాపులు ఇంట మాట్లాడుకొనే షాంఘై మాట వేరు. గ్వాంగ్‌జౌలో వ్యాపారము ఎక్కువ, మనవారు కూడ కనబడతారు, కాని అక్కడివారి సొంత భాష కాంటనీస్.

తక్కువ ఖర్చు కావాలంటే చైనాలో రెండు ఊళ్ళను గూర్చి మంచి మాట విన్నాము. ఈశాన్యములో హార్బిన్. అక్కడి ఉచ్చారణ ప్రామాణిక భాషకు బహు దగ్గర, అద్దెలు తక్కువ. కాని జనవరిలో రాత్రులు సున్నాకు ఇరవై డిగ్రీలు క్రిందికి పోతాయి. గదులలో వేడి ఉంటుంది గాని, మన పిల్లకు కోటు, బూట్లు, లోపలి ఉన్ని బట్టలు అన్నీ కొనాలి. రెండవది నైరుతిలో కున్మింగ్. సముద్ర మట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తున ఉన్నందున ఏడాది పొడుగునా చల్లని వాతావరణము, బియ్యపు సేమియాల తిండి. సామాన్యుల మాటలో స్థానిక యాస ఉంటుంది, తరగతిలో మాత్రము ప్రామాణిక భాషే.

సింగపూరు దగ్గరే గదా అని మా అక్క అడిగింది. అక్కడ మాండరిన్ నాలుగు అధికార భాషలలో ఒకటి. కాని ఇంగ్లీషు, తమిళము కూడ అధికార భాషలే. నోరు తిరుగని పిల్ల ఇంగ్లీషులోనికి జారిపోవడానికి అంతకంటే మెత్తని చోటు లేదు. ఖర్చు కూడ ఎక్కువ.

తైవాన్ ద్వీపములో తైపే నగరము ప్రసిద్ధి. జాతీయ తైవాన్ నార్మల్ విశ్వవిద్యాలయములోని భాషా కేంద్రము 1956 నుండి విదేశీయులకు నేర్పుతున్నది. అయితే గది అద్దె దక్షిణాది ఊళ్ళకంటే బాగా ఎక్కువ. దక్షిణాన తైనాన్‌లో చెంగ్ కుంగ్ విశ్వవిద్యాలయము, కావోస్యుంగ్‌లో భాషలకే పేరుపొందిన వెన్‌జావో విశ్వవిద్యాలయము ఉన్నాయి. అక్కడి ఎండలు మన సూళ్ళూరుపేట ఎండలకు తీసిపోవు గనుక చలి కోటు ఖర్చు లేదు. ఇబ్బంది ఒకటే. పెద్ద వయస్సువారు తమలో తాము తైవానీస్ అనే వేరే మాట మాట్లాడుకొంటారు. అయినను మాండరిన్‌లో పలకరిస్తే మాండరిన్‌లోనే జవాబు చెబుతారు.

స్కాలర్‌షిప్పు, వీసా

ఇక్కడ ఏజెంటు మాటలలో ఒక్కొక్కటే వీగిపోయింది. చైనాలో విద్యార్థి వీసా మీద అనుమతి లేకుండా బయట పని చేయరాదు. తైవాన్‌లో భాషా విద్యార్థి ఒక సంవత్సరము చదివిన తరువాతనే పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. సాయంకాలపు సంపాదన మీద లెక్క వేసుకొన్నవారు మధ్యలో అప్పుల పాలవుతారు.

ఏజెంటు చెప్పని సంగతి స్కాలర్‌షిప్పు. చైనావారు భాషా ఉపాధ్యాయుల పేరిట ఇచ్చే స్కాలర్‌షిప్పులో ఫీజు, హాస్టలు ఉచితము, భాష చదివేవారికి నెలకు 2,500 యువాన్ల భత్యము. అయితే వారు పెట్టే హెచ్.ఎస్.కె. పరీక్షలో కొంత స్థాయి ముందుగా పాసై ఉండాలి. 2010 నాటి పద్ధతిలో ఆ పరీక్ష మొదటి మెట్టుకు 150 మాటలు, రెండవదానికి 300, మూడవదానికి 600 మాటలు రావాలి.

తైవాన్ విద్యాశాఖవారు "హువాయూ" స్కాలర్‌షిప్పు ఇస్తారు. మేము విచారించినప్పుడు అది నెలకు 25,000 తైవాన్ డాలర్లు, అనగా మన డబ్బులో అరవై వేలకు పైమాట. ఫీజు, అద్దె, తిండి అందులోనే సర్దుకోవాలి. విమాన ఛార్జీ మనదే. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలలలో దరఖాస్తులు తీసుకొంటారు. వారానికి కనీసము 15 గంటల తరగతి తప్పదు, ఎగవేస్తే భత్యము పోతుంది. 2012 నుండి మద్రాసులో తైవాన్ వారి ఆఫీసు ఉన్నందున మన ప్రాంతమువారు ఢిల్లీ పోనక్కరలేదు.

చైనాకు 180 రోజులకు మించిన చదువైతే ఎక్స్-1 వీసా, లోపలైతే ఎక్స్-2. కరోనా మూలముగా ఆగిన విద్యార్థి వీసాలు మనవారికి 2022 ఆగస్టులో తిరిగి మొదలైనా, 2020లో ఆగిన నేరు విమానాలు అప్పటికి రాలేదు. చుట్టు తిరిగి పోవాలంటే టిక్కెట్టుకే చాలా డబ్బు అయ్యేది. 2025 అక్టోబరులో కలకత్తా నుండి గ్వాంగ్‌జౌకు నేరు విమానము మళ్ళీ మొదలైంది గనుక ఇప్పుడు లెక్క వేసుకొనేవారు ఆ ఖర్చు కొత్తగా విచారించుకోవాలి.

ఇంటిలో జరిగిన వాదము

నెల గడిచిన తరువాత అందరము మా వసారాలో కూర్చున్నాము. మా ఆలోచన చెప్పాము. మొదటి మెట్టు ఇక్కడే ఎక్కాలి. స్వరాలు, మూడు వందల మాటలు, చిన్న వాక్యాలు నేర్వడానికి విమానము ఎక్కనక్కరలేదు. అక్కడ మొదటి మూడు నెలలలో నేర్పేది ఇక్కడ ఫోను మీద, పుస్తకము మీద నేర్చుకొని పోతే, అక్కడి మొదటి రోజు నుండే సంతలో నోరు విప్పవచ్చును. అటు తరువాత స్కాలర్‌షిప్పు వస్తే దక్షిణ తైవాన్. లేకపోతే కున్మింగ్‌లో ఒక సెమిస్టరు. పొలము ముట్టుకోవద్దు.

బావగారికి నచ్చలేదు. "ఊరివారికి తైనాన్ అంటే ఏమి తెలుసు? షాంఘై అంటే పిల్లకు విలువ" అన్నారు. మేనకోడలు నెమ్మదిగా, "నాన్నా, కంపెనీవారు ఊరి పేరు అడగరు, రెండు మాటలు మాట్లాడించి చూస్తారు" అన్నది. ఆ మాటతో ఆయన తగ్గారు.

ఆ పిల్ల శ్రీసిటీ ప్రాంతములోని ఒక కంపెనీలో స్టోర్సు గుమాస్తాగా చేరింది. తెల్లవారుజామున ఒక గంట స్వరాలు, రాత్రి ఒక గంట గీతలు. మధ్యాహ్నము క్యాంటీనులో తైవాన్ సూపర్‌వైజరు ఎదురైతే ఒక వాక్యము. 2023లో దరఖాస్తు పెట్టింది. రాలేదు.

ఆ వేసవి మా అక్క ఇంటిలో బహు కష్టముగా గడిచింది. ఏజెంటు మళ్ళీ ఫోను చేశాడు. తాకట్టు కాగితాలు మళ్ళీ బయటికి వచ్చాయి. అదే సమయములో నాయుడుపేట నుండి ఒక సంబంధము వచ్చింది. "ఇక చదువు చాలు, పెళ్ళి చేద్దాము" అని మా అక్క పట్టుపట్టింది. మా ఇంటివారు రెండు రోజులు వారింట ఉండి, "వదినగారూ, వరుడు మంచివాడైతే ఒక సంవత్సరము ఆగుతాడు. ఆగలేనివాడైతే ఇప్పుడే తెలియడము మంచిది" అని నచ్చజెప్పారు. సంబంధమువారు ఆగలేదు. మా అక్క చాలా రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. మేనకోడలు మాత్రము, "మామయ్యా, ఇంకొక ఏడాది జీతము దాచుకొంటాను. పొలము జోలికి మాత్రము పోనివ్వవద్దు" అన్నది.

2024లో తొమ్మిది నెలలకు స్కాలర్‌షిప్పు వచ్చింది. విమానము, వీసా, గదికి బయానా, మొదటి నెల ఖర్చు కలిపి మాకు సుమారు లక్షన్నర అయింది. అందులో సగము ఆమె జీతము, సగము మా అక్క కట్టుకొన్న చీటీ.

అక్కడి సంగతులు

తైనాన్‌లో ఆమె ఖరీదైన విదేశీ హాస్టలు వదలి, ఒక ముసలామె ఇంటి మేడ మీద చిన్న గది తీసుకొన్నది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నీళ్ళ మోటారు చెడినా, గ్యాసు అయిపోయినా మాండరిన్‌లోనే చెప్పుకోవాలి. తరగతిలో నేర్చిన మాట సాయంకాలానికి అక్కరకు వచ్చేది.

2025 జనవరి 21న అర్ధరాత్రి దాటిన తరువాత ఆ ప్రాంతములో 6.4 తీవ్రతతో భూకంపము వచ్చింది. తైనాన్ జిల్లాలో ఇళ్ళు కూలాయి. తెల్లవారి వార్త విని మా అక్క అన్నము ముట్టలేదు. ఫోనులో పిల్ల చెప్పినది ఇది: "పుస్తకాలన్నీ క్రింద పడ్డాయి. అమ్మమ్మ వచ్చి తలుపు కొట్టింది. ఇద్దరము మెట్ల మీద దుప్పటి కప్పుకొని తెల్లవారేదాక మాట్లాడుకొన్నాము. తన చిన్నతనము అంతా చెప్పింది. అంతసేపు నేను చైనా భాషలోనే మాట్లాడినట్టు తెల్లవారిన తరువాత గాని గుర్తు రాలేదమ్మా."

మా చదువరులకు కెనడా మిషనరీ మెకే గారిని గూర్చి ఒక మాట గుర్తుచేస్తాము. 1872లో ఆయన తైవాన్‌లోని తామ్‌సుయి చేరినప్పుడు, అక్కడి మాట నేర్చుకోవడానికి పశువుల కాపరి పిల్లల వెంట కొండ మీదికి పోయి వారితో కాలము గడిపేవారు. ఆయన నేర్చినది మాండరిన్ కాదు, స్థానిక తైవానీస్. అయినను పద్ధతి ఒకటే. బళ్ళో కూర్చున్న గంటలకు బయట నడిచిన గంటలు తోడైతేనే భాష నోటికి ఎక్కుతుంది.

అడగవలసిన ప్రశ్నలు

మీ ఇంట ఈ ఆలోచన ఉంటే డబ్బు కట్టకముందు ఇవి అడగండి. వారానికి ఎన్ని గంటల పాఠము, తరగతికి ఎంతమంది? కోర్సు పూర్తయ్యేదాక ఫీజు, అద్దె, తిండి, ఇన్సూరెన్సు కలిపి ఎంత? ఆ మొత్తములో పని చేసి సంపాదిస్తామనుకొన్న రూపాయి ఒకటైనా ఉన్నదా? ఉంటే కొట్టివేయండి. ఏ లిపి నేర్పుతారు, మీకు కావలసినది అదేనా? ప్రవేశ పత్రము విశ్వవిద్యాలయము నుండే వచ్చిందా, మధ్యవర్తి కాగితమా? ఆరోగ్య పరీక్ష, బ్యాంకు కాగితాలు ఏమి అడుగుతారు? తైవాన్‌లో ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆరు నెలలు నివసించిన తరువాతనే వర్తిస్తుంది గనుక అంతవరకు ఏమి చేస్తారు? అన్నిటికంటే ముందు, పిల్ల ఇంటి దగ్గర ఆరు నెలలు రోజూ చదివి చూపించిందా? ఇక్కడ గంట కూర్చోలేని పిల్ల అక్కడ ఊరు మారినందున కూర్చోదు.

మా మేనకోడలు 2025 వేసవిలో తిరిగి వచ్చింది. అక్కడి ప్రభుత్వ పరీక్షలో మధ్యమ స్థాయి పాసైనది. ఇప్పుడు ఒక కంపెనీలో దుబాసీ. యంత్రము ముందు నిలబడి ఇద్దరి మాటలు అటూ ఇటూ చెప్పగలదు. పెద్ద ఒప్పంద పత్రాలు చదవడానికి ఇంకా నిఘంటువు చూడవలసినదే, ఆ సంగతి తానే చెబుతుంది. అర ఎకరములో ఈ ఏడాది కూడ బావగారే నాట్లు వేశారు. షాంఘై మాట ఇప్పుడు ఆయన ఎత్తరు. ఎవరైనా అడిగితే తైనాన్ ఎక్కడ ఉన్నదో వారే వివరిస్తున్నారు.

ఆదివారము సాయంకాలాలు మా అక్కగారి అరుగు మీద ఇద్దరు ఆడపిల్లలు, ఒక ట్రాక్టరు డ్రైవరు కొడుకు కూర్చొని నాలుగు స్వరాలలో "మా" అని పలుకుతున్నారు. మొదటి మూడు వందల మాటలకు ఆ పిల్లలు ఏ ఊరూ పోనక్కరలేదు, ఎవరికీ రూపాయి కట్టనక్కరలేదు.